కనకాంగి బొమ్మకు అవతలి వైపు

చదివేవాళ్ళు ముందే నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చి నాలుగేళ్ళే అయింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇంకా తడబడతాను. ఒక్క పేజీకి రెండు రోజులు పడుతుంది. శకూ షకూ తేడా మా పంతులమ్మ ఎంత చెప్పినా చెయ్యి వినదు. తప్పులుంటే దిద్దుకొని చదవండి. జరిగింది మాత్రం తప్పు లేకుండా చెబుతాను.

సూర్యాపేటలో పశువుల సంత కూడే మైదానం పక్కన ఆ రోజుల్లో ఒక గుడారం సినిమా ఉండేది. గౌరయ్య సేటు దాని యజమాని. ఉప్పలయ్య ఆ గుడారానికి డప్పు మనిషి. పొద్దెక్కగానే ఎద్దుబండికి రెండు వైపులా తడికెలు నిలబెట్టి, వాటి మీద తారల బొమ్మల కాగితాలు అంటించి, బండి ముందు డప్పు కొట్టుకుంటూ ఊరంతా తిరిగేవాడు. బండి తోలేది ముసలి ఈదయ్య. నాలుగు దారులు కలిసే చోట బండి ఆగేది, డప్పు ఆగేది, ఉప్పలయ్య గొంతు లేచేది.

మద్రాసు కంపెనీ వాళ్ళు సినిమా పెట్టెతో పాటు ఒక కాగితాల కట్ట పంపేవాళ్ళు. గోడకు అంటించే పెద్ద బొమ్మలు, పాటల పుస్తకాలు, చేతికి పంచే చిన్న కాగితాలు అందులో ఉండేవి. తార ఏం తింటుందో, ఏం కడుతుందో రాసిన పత్రం ఒకటి కూడా ఉండేది. సేటు ఆ పత్రం చదివి వినిపిస్తే ఉప్పలయ్య నోటికి పట్టి, తన వంతు కొంత కలిపి, బజారులో వదిలేవాడు.

"కనకాంగమ్మ పొద్దుగాల లేస్తె గులాబీ నీళ్ళతోని మొకం కడుగుతదట! ఏడుపు వచ్చే కాడ కంట్ల మందు పెట్టరట, అన్నీ నిజం కన్నీళ్ళేనట! సూడకుంటె నీ కండ్లెందుకు, నా కండ్లెందుకు!"

"ఓ ఉప్పలయ్యా," అనేవాళ్ళు బాయి దగ్గర ఆడవాళ్ళు, "మాకు తాగ నీళ్ళు లెవ్వు, ఆమెకు మొకం కడుగ గులాబీ నీళ్ళా?"

"అందుకే అక్కా, ఆమె తెర మీద ఉన్నది, నువ్వు బాయి మీద ఉన్నవ్."

బిందెలు చేతిలో ఉన్నవాళ్ళు నీళ్ళు చల్లేవాళ్ళు. అతను డప్పు అడ్డం పెట్టుకొని పరుగు తీసేవాడు. ఉప్పలయ్య అటువంటి మనిషి.

అతని పెళ్ళాం ఈదమ్మ. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. కాగితాలు అంటించే అంబలి కాచేది ఆమే. చింతగింజల పిండి ఉడికించి, బర్రెలు నాకకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేది. మొగుడూ పెళ్ళాలిద్దరికీ అక్షరం ముక్క రాదు. రాలేదని బాధ కూడా లేదు. బొమ్మ చూస్తే ఏ సినిమానో తెలిసిపోయేది, ఇంకేం కావాలి?

నలభై ఎనిమిది ఎండాకాలం వచ్చేసరికి నిజాం సర్కారుకూ ఢిల్లీ వాళ్ళకూ బాగా చెడింది. కోదాడ అవతల సరిహద్దు మూసేశారు. ఉప్పు రావడం లేదు, కిరసనాయిలు రావడం లేదు. పల్లెల్లో వెట్టి వద్దనే సంగం వాళ్ళు పోలీసులకు ఎదురు తిరుగుతున్నారు. పోలీసులు సంగం వాళ్ళకు అన్నం పెట్టినవాళ్ళను కూడా కట్టేసి కొడుతున్నారు. అటువంటి కాలంలో సినిమా పెట్టెలు ఎవరు పంపుతారు? సేటు దగ్గర మిగిలింది ఒకే ఒక్క పాత సినిమా, కనకాంగి ఆడింది. ఊళ్ళో వాళ్ళు దాన్ని అప్పటికే రెండు సార్లు చూశారు. పంచే కాగితాలు ఎప్పుడో అయిపోయాయి. కొత్తవి అచ్చు వేయిద్దామంటే అచ్చాఫీసు సరిహద్దుకు అవతల బెజవాడలో ఉంది.

ఒకరోజు సేటు గుడ్డలో చుట్టిన చెక్కముక్క ఒకటి తెచ్చి ఈదమ్మ ముందు పెట్టాడు. చెక్క మీద జింకు రేకు బిగించి ఉంది. రేకు మీద కనకాంగి ముఖం గీతలు గీతలుగా లేచి ఉంది.

"ఇది మద్రాసు కంపెనీ సొమ్ము. అచ్చు. సిరా రాసి కాగితం మీద ఒత్తితె ఆమె మొకం పడతది. పోగొట్టినవో, నా పరువు పోతది. రోజుకు రెండు వందలు ఒత్తియ్యి. ఆట ఎప్పుడన్నది నీ మొగడు నోటితోని చెప్తడు."

ఈదమ్మ మసి, ఆముదం కలిపి సిరా చేసింది. గుడ్డ ఉండతో రేకుకు సిరా అద్ది, పైన కాగితం పరిచి, రొట్టెల కర్ర దొర్లించింది. కాగితం లేపి చూస్తే కనకాంగి తల వంచి నవ్వుతోంది. రేకు మీద ఎడమకు తిరిగిన ముఖం కాగితం మీద కుడికి తిరిగింది. ఆ వింతకు ఈదమ్మ ఆ పూట జొన్న గట్క కాచడం కూడా మరిచింది.

"నీకు సవతిని తెచ్చిన సూడు," అన్నాడు ఉప్పలయ్య.

"తెస్తె తెచ్చినవ్. సవతి అయితె అంట్లు తోమాలె గద, చెప్పు ఆమెకు."

"గులాబీ నీళ్ళు ఉంటె తోముతదేమో అడుగుత."

కాగితానికే కరువు. అందుకని ఒక వైపు రాసి రెండో వైపు తెల్లగా ఉన్న కాగితం ఏది దొరికినా ఏరుకొచ్చేవాళ్ళు. బడి పిల్లలు ఎక్కాలు రాసి పారేసినవి, సర్కారు కచేరీ వెనక చెత్తలో పడేసినవి, పెళ్ళి పత్రికలు, అన్నీ. తెల్లవైపు కనకాంగిని ఒత్తేవాళ్ళు. ఊరు కూడా దానికి అలవాటు పడింది. ఒక వైపు తార నవ్వు, ఇంకో వైపు ఎవరో పిల్లవాడి పదహారో ఎక్కం. కాగితం చేతికి రాగానే ఈదమ్మ చూసేది ఒక్కటే, ఏ వైపు ఖాళీగా ఉందని. అది చూడటంలో ఆమె చెయ్యి యంత్రం లాగా అయింది.

వాళ్ళ ఇంటి వెనక వాడలో ఏసుపాదం అనే అతను ఉండేవాడు. మిషను బడిలో పంతులు. ఉప్పలయ్యకు చిన్ననాటి దోస్తు. వైశాఖంలో ఒక సాయంత్రం ఉప్పలయ్య ఇంట్లో లేనప్పుడు గోనెసంచిలో చుట్టిన కట్ట ఒకటి మోసుకొచ్చాడు.

"వదినె, బడి కాగితాలు. మా ఇల్లు కురుస్తది. జర మీ అటక మీద పెట్టు."

"వాన ఏడున్నదయ్యా, ఎండకు పెంకులు పగులుతుంటె?"

"వస్తది గద వదినె, ఎప్పుడన్న." నవ్వాడు గానీ గుమ్మం వైపు చూస్తూ నవ్వాడు.

ఆమె పెట్టింది. వారం తిరగకముందే మిషను బడి మూతపడింది. ఏసుపాదం ఊళ్ళో లేకుండా పోయాడు. తిరుమలగిరి వైపు వెళ్ళాడని ఒకరు, అడవిలో చేరాడని ఒకరు అన్నారు. అటక మీది కట్ట సంగతి ఎవరికీ గుర్తు లేదు, ఈదమ్మకు తప్ప.

జ్యేష్ఠం మొదట్లో కాగితం పూర్తిగా అయిపోయింది. సేటు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నేను కోదాడ పోతున్న. ఎట్లన్న చేసి కొత్త పెట్టె ఒక్కటి సరిహద్దు దాటిచ్చుకొస్త. నేను వచ్చేదాంక బండి తిరగాలె. బండి తిరగకుంటె ఊరోళ్ళు గుడారం ఎత్తిపోయిందనుకుంటరు. అప్పుడు నిజంగనే ఎత్తుడే. మీకూ ఖతం, నాకూ ఖతం."

ఉప్పలయ్య పొద్దంతా తిరిగినా పిడికెడు కాగితం దొరకలేదు. అతను ఇంకా బజారులో ఉండగానే ఈదమ్మ అటక ఎక్కింది. గోనె విప్పింది. లోపల అన్నీ ఒకే కొలత కాగితాలు. ఒక వైపు కిక్కిరిసి చిన్న చిన్న అక్షరాలు, ఇంకో వైపు పాల మీగడ లాగా తెల్లగా ఉంది. బడే లేదు, పంతులే లేడు, పిల్లల కాగితాలు ఎవరికి కావాలి? అడిగితే ఏసుపాదానికి తనే చెప్పుకుంటుంది. కూర్చొని ఒత్తడం మొదలుపెట్టింది. మెత్తటి కాగితం, సిరా ఎక్కడా అలుకుకోలేదు. కనకాంగి ముఖం ఇంతకుముందెప్పుడూ అంత బాగా పడలేదు.

ఉప్పలయ్య వచ్చి చూసి నోరు తెరిచాడు. "ఏడియే ఇన్ని?"

"బడి కాగితాలు. ఏసుపాదం పెట్టిపోయిండు."

"అబ్బ! నీ సవతి ఇయ్యాల సానా సొగసుగున్నది," అని అతను ఒకటి తీసి గోడకు అంటించాడు. బొమ్మ ఇవతలికి, రాత గోడ వైపుకు.

మర్నాడు బండి మధ్యాహ్నం కాకముందే ఖాళీగా తిరిగొచ్చింది. ఎప్పుడూ కాగితాలు పంచిన దారంతా అవే దొర్లుతుండేవి, పిల్లలు పడవలు చేసేవాళ్ళు, మేకలు నమిలేవి. ఆ రోజు నేల మీద ఒక్కటి కూడా లేదు. తీసుకున్నవాళ్ళు మడిచి నడుములో దోపుకున్నారు. బట్టల కొట్టాయన ఎప్పుడూ చెయ్యి చాచనివాడు, నాలుగు అడిగి తీసుకున్నాడు.

"ఏమే, నీ సవతికి ఇయ్యాల మస్తు గిరాకి," అని ఉప్పలయ్య ఆమె వీపు మీద డప్పు వాయించాడు. ఆ పొద్దు ఇద్దరూ కడుపారా నవ్వుకున్నారు. సేటు రాగానే ఈ మాట చెప్పాలని, చెబితే మెచ్చుకుంటాడని అనుకున్నారు.

మూడో రోజు ఈదయ్య ఒక్కడే వచ్చాడు. బండి లేదు. తలపాగ లేదు. చెవి దగ్గర రక్తం కారి ఎండిపోయి ఉంది.

"ఈదమ్మా, ఉప్పలయ్యను పట్టుకపోయిండ్రు."

"ఎవలు? ఎందుకు?"

"పోలీసోళ్ళు. కాగితం తిప్పి సూపిచ్చి కొట్టిండ్రు బిడ్డా. కనకాంగి ఎనక సంగపోళ్ళ మాటలున్నయట. సర్కారుకు లెవీ ధాన్యం ఇయ్యొద్దని, సర్కారును నమ్మొద్దని ఉన్నదట. ఈ కాగితాలు ఎవలిచ్చిండ్రని అడిగిండ్రు. ఉప్పలయ్య..." ముసలాయన చెవి దగ్గర తడుముకున్నాడు. "నేనే తెచ్చిన, నేనే ఒత్తిన, నా ఇంట్ల ఎవలకు తెల్వదు అన్నడు."

ఈదమ్మ చేతిలో గుడ్డ ఉండ ఉంది. దాని నుంచి సిరా మోచేతి దాకా కారింది. అటక మీద నుంచి దించింది తను. ఒత్తింది తను. బడి కాగితాలని చెప్పింది తను. అతను చేసిందల్లా పెళ్ళాం మాట నమ్మడం.

ఠాణాకు పరుగెత్తింది. గేటు దగ్గర జవాను లోపలికి రానివ్వలేదు. "ఈడ లేడు. మిర్యాలగూడ క్యాంపుకు పంపిండ్రు. ఈ ఠాణా పెద్ద, అమీన్ సాబు గూడ గాడికే బదిలీ అయిండు. మీ సేటు వచ్చి, వీడు నా మనిషి, వట్టి సినిమా కాగితాలే అని సాక్షం చెప్తె ఇడుస్తరేమో. జల్ది చెయ్యి. గాడ ఎక్కువ దినాలు ఉంచుకోరు."

ఎక్కువ దినాలు ఉంచుకోరంటే ఏమిటో ఆమె అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఇంటికొచ్చి అచ్చు, గుడ్డ ఉండ, సిరా ముంత, రొట్టెల కర్ర, అన్నీ ఒక మూట కట్టింది. ఎందుకు కట్టిందో అప్పుడు ఆమెకే తెలియదు. వట్టి చేతులతో వెళ్ళడానికి భయం వేసింది, అంతే. కోదాడ దారి పట్టింది.

సూర్యాపేట నుంచి కోదాడకు పద్నాలుగు కోసులు. బస్సులు లేవు. సగం దూరం కుండల బండి ఎక్కించుకుంది, సగం నడిచింది. పోలీసుల నాకా కనిపించిన ప్రతిచోటా దారి దిగి చేలకు అడ్డంపడి నడిచింది. ఎండకు దారి కొలిమిలా ఉంది. రెండో రోజు పొద్దున సేటు దిగిన ఇల్లు, అతని అక్క రేణుకమ్మది, కనుక్కుంది. రేణుకమ్మ కోదాడలో కాపురం ఉంటూ అక్కడి మాటకు అలవాటు పడిన మనిషి.

"అయ్యో, పాదాలు చూడు తమ్ముడూ, ఎలా బొబ్బలెక్కాయో! ముందు మజ్జిగ తాగమ్మా. తర్వాత మాట్లాడుదువుగాని."

ఈదమ్మ మజ్జిగ ముట్టలేదు. సేటు కాళ్ళ మీద పడింది. చెప్పవలసినదంతా చెప్పింది. సేటు ముఖం సున్నం కొట్టినట్టు అయింది. చుట్టూ చూసి తలుపు దగ్గరికి వేశాడు.

"నా గుడారం పేరు చెప్పిండా వాడు?"

"చెప్పలే సేటు. అంతా నాదే అన్నడట. నువ్వు ఒక్క మాట చెప్తె ఇడుస్తరట. నీ బాంచెను, లేచి రా."

"నేనొస్తె నన్ను గూడ లోపలేస్తరు. కాగితం ఏడిది, అచ్చు ఎవలదని మొదలు పెడతరు. నేను రాను."

"ఓ చీటీ అన్న రాసియ్యి."

"కాగితం మీద నా పేరు ఉండొద్దు ఈదమ్మా. నీ మొగనికి ఏమయిందో సూస్తివి గద కాగితంతోని."

"సిగ్గులేదట్రా నీకు?" అంది రేణుకమ్మ. "నీ బొమ్మల కోసం గొంతు చించుకున్నాడు గదరా ఆ పిల్ల మొగుడు!"

 సేటు లేచి పెట్టెలోంచి ఒక మందపాటి అట్ట తీశాడు. అట్ట మీద కనకాంగి నిలబడి ఉన్న ఫోటో. కింద వంకర టింకరగా ఏదో రాసి ఉంది.

"కంపెనీ వాళ్ళు ఊరికి ఒక్కటే పంపుతరు. కింద ఆమె దస్తకతు. అమీన్ సాబు సూర్యాపేటల ఉన్నన్ని దినాలు ఈ ఫోటో కోసం నా ఎనక తిరిగిండు. ఆట ఉన్న రోజు ముందు కుర్చీల కూసునేటోడు. ఇది ఇచ్చి బతిమాలు. నా కాడ ఇంకేం లేదు."

నిజానికి ఆ దస్తకతు కూడా తార పెట్టింది కాదు, కంపెనీలో ఎవరో వందల ఫోటోల మీద ముద్ర గుద్దేవాళ్ళని ఈదమ్మకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం దేవుడి పటం లాగా కళ్ళకు అద్దుకుంది.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ దారి. రేణుకమ్మ కట్టిచ్చిన సద్ది దారిలో సగం కుక్కకు పెట్టింది. నడుస్తున్నంత సేపూ అమీన్ సాబుతో ఏం చెప్పాలో పైకే అనుకుంటూ నడిచింది. నేనే ఒత్తిన దొరా. నాకు రాత రాదు దొరా. నన్ను పట్టుకొని ఆయనను ఇడువు దొరా. ఫోటో మాసిపోతే అమీన్ సాబు తీసుకోడేమోనని దాన్ని కొంగు లోపల రొమ్ముకు ఆనించి పట్టుకుంది. చెమట తగలకుండా మధ్యలో మోదుగాకులు పెట్టుకుంది.

నాలుగో రోజు పొద్దున మిర్యాలగూడ ఇంకా కోసు దూరం ఉందనగా ఎదురుగా లారీ ఒకటి వచ్చింది. మీద గుడ్డ కప్పి ఉంది. వెనక వైపు తెరిచి ఉంది. లారీ ముందు ఎర్రటి దుమ్ము గోడలా లేచి మీదికి వస్తోంది. ఈదమ్మ గబగబా దారి దిగి, లారీకి వీపు పెట్టి, ఫోటో మీద దుమ్ము పడకుండా రెండు చేతులా కప్పుకొని వంగి నిలబడింది. లారీ పోయింది. దుమ్ము అణిగిందాకా అలాగే ఉండి, కొంగు తీసి చూసింది. కనకాంగి ముఖం మీద నలుసు కూడా లేదు. సంతోషపడింది.

క్యాంపు ఒక పాత నూనె మిల్లులో పెట్టారు. ఫోటో చూపిస్తే గేటు జవాను లోపలికి కబురు తీసుకెళ్ళాడు, వెంటనే పిలిచారు. అమీన్ సాబు బల్ల వెనక చెమట తుడుచుకుంటూ కూర్చొని ఉన్నాడు. ఫోటో చూడగానే ముఖం విప్పారింది.

"అరె వా! కనకాంగి! దస్తఖత్ భీ హై!" అట్టను సిరాబుడ్డికి ఆనించి నిలబెట్టి, తల అటూ ఇటూ వంచి చూసుకున్నాడు. తర్వాత ఈదమ్మను చూశాడు. "ఎవరు నువ్వు? ఏం గావాలె?"

"సూర్యాపేట డప్పు ఉప్పలయ్య పెండ్లాన్ని దొరా. ఆ కాగితాలు ఆయన ఒత్తలే. నేను ఒత్తిన. అటక మీద దొరికినయి, తెల్లగున్న దిక్కు ఒత్తిన. రాత ఏందో నాకూ తెల్వదు, ఆయనకూ తెల్వదు. నన్ను లోపలెయ్యి, ఆయనను ఇడువు."

"ఝూట్. అన్ని వందల కాగితాలు చేతుల పట్టుకొని, ఎనక ఏమున్నదో చూడలేదా? ఎవరు నమ్ముతరు?"

"సూసినా నాకు ఏమెరుక దొరా, అవి చీమల బారు లెక్క ఉంటయి."

"నీ మొగుడు నేనే ఒత్తిన అన్నడు. నువ్వు నేనే ఒత్తిన అంటవు. ఎవరిది సచ్?"

ఈదమ్మ మూట విప్పింది. అచ్చు తీసి నేల మీద పెట్టింది. ఇందుకే తెచ్చానన్నమాట అని ఆమెకు అప్పుడు తట్టింది. "సూపిస్త దొరా."

అమీన్ సాబుకు వేడుక పుట్టింది. బల్ల మీద నుంచి నాలుగు కాగితాలు అందినవి అందినట్టు లాగి ఆమె ముందు పడేశాడు. "చెయ్యి. నా ముందర చెయ్యి."

ఆమె గొంతుక్కూర్చొని ఒక్కొక్కటే తీసుకుంది. తిప్పింది. ఖాళీ వైపు చూసుకుంది. సిరా అద్దింది, పరిచింది, కర్ర దొర్లించింది. కనకాంగి నవ్వింది. రెండోది. కనకాంగి నవ్వింది.  నాలుగు రోజుల్లో మొదటిసారి ఆ చేతులు తమకు తెలిసిన పని చేస్తున్నాయి. మూడోదాని కింద ఎర్ర మొహరు ముద్ర ఉంది, మీద వరసగా రాత ఉంది. అది కూడా తిప్పి, తెల్లవైపు బొమ్మ ఒత్తింది. నాలుగోది కూడా ఒత్తి, నాలుగూ వరసగా ఆరబెట్టి, చేతులు కట్టుకొని నిలబడింది.

అమీన్ సాబు నాలుగు బొమ్మలనూ ఒక్కొక్కటే చూశాడు. "ఏయ్, ఇవి సర్కారు కాగితాలు. మొహరున్న కాగితం మీద గూడ ఒత్తినవ్. భయం లేదా?"

"బొమ్మ ఏసుమన్నవు గద దొరా. తెల్లగున్న దిక్కే ఏసిన."

"సచ్ బోల్ రహీ హై," అన్నాడు గేటు జవానుతో. "ఈమెకు నిజంగా ఏం తెల్వదు. వాడు గూడ బేకసూర్." ఈదమ్మకు ఉర్దూ అంతంత మాత్రమే గానీ, ఆ గొంతు మెత్తబడటంతో, తప్పు లేదంటున్నాడని తెలిసింది. కాళ్ళ కింద నేల చల్లబడినట్టయింది. నవ్వబోయింది.

అమీన్ సాబు వంగి ఎర్ర మొహరు కాగితం తీసుకున్నాడు, తడి సిరా అంటకుండా అంచులు పట్టుకొని. తిప్పాడు. వేలు కుడి నుంచి ఎడమకు, ఒక్కొక్క వరసా కిందికి జరిగింది. ఒకచోట ఆగింది.

"నీ మొగుడి పేరు మళ్ళీ చెప్పు."

"ఉప్పలయ్య దొరా. సూర్యాపేట. డప్పు ఉప్పలయ్య."

అతను కాగితం బల్ల మీద పెట్టాడు. బొమ్మ వైపు పైకి పెట్టాడు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "లారీ పొద్దున్నే పోయింది," అన్నాడు, ఆమెతో కాదు, గోడతో.

"ఏ లారీ దొరా? ఏడికి పోయింది? ఎప్పుడొస్తది? నేను ఈడనే కూసుంట, వచ్చేదాంక కూసుంట."

అతను జవానుకు సైగ చేశాడు. ఆమె బల్ల కాలు పట్టుకుంది. జవాను వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. గేటు బయటికి తెచ్చాక ఆ మనిషి నేల చూపులు చూస్తూ, "అక్కా, ఇంటికి పో. ఆ కాగితంల పేరున్నోళ్ళ కోసం ఎదురు సూడకు," అన్నాడు.

"ఏ కాగితం?"

"నువ్వు ఇప్పుడు బొమ్మ ఏసిన కాగితమే."

ఫోటో అమీన్ సాబు బల్ల మీదే ఉండిపోయింది. ఆయన తిరిగి ఇవ్వలేదు, ఆమె అడగలేదు.

ఈదమ్మ ఆ గేటు ముందు ఆరు రోజులు కూర్చుంది. ఖాళీ లారీ రెండు సార్లు వచ్చింది, రెండు సార్లు పోయింది. ఏడో రోజు జవానులు క్యాంపే ఎత్తి ఎక్కడికో తీసుకుపోయారు. ఆమె సూర్యాపేటకు నడిచి వచ్చింది. శవం లేదు, చూశామన్న మనిషి లేడు, గాజులు ఎప్పుడు తీయాలో చెప్పేవాళ్ళు లేరు. ఆ ఏడు దసరాకు ముందు సర్కారు మారింది. జైళ్ళు తెరిచారన్నారు. నల్లగొండకు పోయి తెరిచిన తలుపుల ముందు నిలబడింది. అందరూ బయటికి వచ్చారు. దసరా వెళ్ళాక తనే గాజులు తీసేసుకుంది. ఏసుపాదం కూడా మళ్ళీ రాలేదు. వచ్చి ఉంటే తిట్టాలో ఏడవాలో ఆమెకు తెలియదు.

కార్తీకంలో గౌరయ్య సేటు వచ్చాడు. కొత్త పెట్టెలు వస్తున్నాయట, గుడారం మళ్ళీ వేస్తాడట. కాసేపు చూరు వైపు చూసి, "ఈదమ్మా, కంపెనీ వాళ్ళు అచ్చు అడుగుతున్నరు," అన్నాడు. ఆమె లోపలికి పోయి, రేకు గీతల్లో ఎండిన సిరాను చీపురుపుల్లతో గీకి, కడిగి, తుడిచి ఇచ్చింది.

గోడకు ఉప్పలయ్య అంటించిన కనకాంగి ఒక్కటే మిగిలింది. ఇల్లు కూలగొట్టిన నాడు దాన్ని గోడ పెళ్ళతో సహా తీసి, నానబెట్టి, అంబలి వదిలించి దాచింది. అరవై దాటాక అక్షరాలు నేర్చుకొని మొదట చదివింది దాని అవతలి వైపే. సగం మైలుతుత్తం తినేసింది. మిగిలింది నాలుగు రోజులు కూడబలుక్కుంది. వెట్టి చేయకండి, లెవీ ఇవ్వకండి, భయపడకండి అని ఉంది. అంతే. అక్షరాలు ముందే వచ్చి ఉంటే అటక మీది కట్టను పొయ్యిలో పెట్టేది, ఉప్పలయ్య బతికేవాడు. కానీ మిర్యాలగూడలో తను బొమ్మ ఒత్తిన కాగితం ఉర్దూలో ఉంది. అది ఇప్పుడు ముందు పెట్టినా ఆమె చదవలేదు.

చదవనక్కర లేనిది ఒకటుంది. అది రోజూ కళ్ళ ముందుకు వస్తుంది. ఆ లారీ వెనక వైపు తెరిచి ఉంది. లోపల కూర్చున్నవాళ్ళకు దారి కనిపిస్తూనే ఉండి ఉంటుంది. దారి పక్కన ఒక ఆడమనిషి, సిరా మరకల చీర, వంగిన వీపు. ఉప్పలయ్య ఆ వీపు గుర్తుపట్టే ఉంటాడు. దాని మీద డప్పు వాయించినవాడు. పిలిచాడో లేదో లారీ మోతలో ఆమెకు వినిపించలేదు. ఆమె ఒక్కసారి తిరిగి చూడలేదు. కనకాంగి ముఖం మీద దుమ్ము పడుతుందని.

ఈదమ్మ, వయసు అరవై ఎనిమిది, ప్రస్తుతం చెల్లెలి ఇంట్లో, తిరుమలగిరి.